నిప్పు ముట్టని గిన్నె

“తిను మాస్టరూ! నువ్వే మొహం అలా పెడితే రేపు పనివాళ్ళేం తింటారు?” అంటూ మేనేజరు గిన్నెను బల్ల మీద ముందుకు తోశాడు.

వంటమాస్టరు గిన్నెలోకి చూశాడు. చల్లటి పాలలో రాత్రంతా నానిన ఓట్స్. ఉబ్బి, చీకిపోయి, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. చెంచాతో ఎత్తితే, జలుబు చేసిన పిల్లాడి ముక్కు కారినట్టు తీగ సాగింది.

“ఇవి పచ్చివి సార్.”

“పచ్చివేం కాదు. మిల్లులోనే ఆవిరి పట్టించి, నొక్కి పంపిస్తారు. మనం నానబెట్టుకుంటే చాలని డాక్టరే చెప్పాడు. పీచు, బలం, ఒంట్లో కొవ్వుకు మందు. నెల నుంచీ నేనూ ఇవే తింటున్నా.” మేనేజరు పొట్ట నిమురుకున్నాడు. అది ఎక్కడికీ పోలేదు.

“నానబెట్టి పెట్టేది గుర్రాలకు సార్.”

“గుర్రానికున్న సత్తువ నీకుందా? తిను.”

మాస్టరు ఒక చెంచాడు నోట్లో పెట్టుకున్నాడు. నమలడానికి అందులో ఏమీ లేదు. నాలుక మీద నత్త పాకినట్టు పాకి, గొంతులోకి జారింది. తడిసిన అట్టముక్క రుచి. వాళ్ళది అట్టపెట్టెల కార్ఖానా కాబట్టి ఆ వాసన అతని ముక్కుకు కొత్త కాదు. నోటికి మాత్రం కొత్త.

“ఈ వారం చూస్తా. గిన్నెలు ఖాళీ అయ్యాయా, సరే. మిగిలాయంటే నువ్వు కావాలని చెడగొట్టినట్టే. ఇక నీ దారి నువ్వు చూసుకో. ఆఁ, పొయ్యి వెలిగించకు.”

ఆ కార్ఖానాలో పెట్టేది ఒక్క పొద్దుటి తిండే. అదీ నిప్పు లేకుండా!

మేనేజరు గుమ్మం దాటగానే మాస్టరు తొట్టిలోకి వంగి భళ్ళున కక్కాడు.

“ఏంట్రా అబ్బాయ్, వేవిళ్ళా?” అంది గిన్నెలు తోమే ఆవిడ. కార్ఖానాలో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ పిన్నే.

“నువ్వూ ఓ చెంచాడు తిను, తెలుస్తుంది.”

పిన్ని గిన్నె వాసన చూసి ముక్కు మూసుకుంది. “ఛీ! జిగురు పీపా అడుగున ఇదే ఉంటుంది. పెట్టెలంటించుకోవచ్చు.”

“ఈయన పేగులంటించమంటున్నాడు.”

“పెట్టి పారెయ్. చావరుగా?”

“చావరు పిన్నీ. తినరు. వాళ్ళు తినకపోతే చచ్చేది నేను.”

మర్నాడు చెప్పింది చెప్పినట్టే వడ్డించాడు. అట్టలు కోసే విభాగంలోని బక్కాయన గిన్నెలోకి తొంగిచూసి, “మాస్టరూ, ఇది తినేదా, ఎవరో తిని కక్కిందా?” అన్నాడు. బల్ల బల్లంతా నవ్వింది. ఒకడు నోట్లోది మళ్ళీ గిన్నెలోకే ఉమ్మాడు. ఇంకొకడు దాని మీద బీడీ ఆర్పాడు. చెత్తబకెట్టు నిండి, అంచుల మీంచి తెల్లటి సొంగ కారింది. ఈగలు మాత్రం వంక పెట్టలేదు.

మేనేజరు బకెట్టు చూశాడు, మాస్టరు మొహం చూశాడు. “రేపూ ఇలాగే ఉండాలి, చెప్తా నీ పని,” అన్నాడు.

ఆ సాయంత్రం మాస్టరు ఓట్స్ నానబెట్టనే లేదు. మర్నాడు అందరికంటే ముందొచ్చి పొయ్యి వెలిగించాడు. పొడి మూకుడులో ఓట్స్‌ను కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాడు. మరిగే నీళ్ళలో పోసి, చిటికెడు ఉప్పేసి, మెతుకు విరక్కుండా ఉడికించాడు. గుండిగను చన్నీళ్ళ తొట్టిలో దింపి చల్లార్చి, పైన చల్లటి పాలు పోశాడు. పొయ్యి తుడిచి, దాని మీద తడిగుడ్డ పరిచి, కిటికీలన్నీ తెరిచాడు. ఇప్పుడది చూడ్డానికి నానిన సరుకే.

“దొంగతనంగా వంట చేసేవాణ్ణి నిన్నే చూశాను,” అంది పిన్ని.

“నోరు మూసుకుని తిను.”

పిన్ని తింది. ఇంకొంచెం పెట్టమంది.

ఆ రోజు బకెట్టు ఖాళీ. బక్కాయన మారు వడ్డించుకుని గిన్నెను వేలితో నాకాడు. మేనేజరు బల్లల మధ్య తిరుగుతుంటే, “పచ్చివే నయం సార్, ఒళ్ళు తేలిగ్గా ఉంది,” అన్నాడు. బీడీ ఆర్పినవాడైతే రాత్రి నిద్ర కూడా బాగా పట్టిందన్నాడు. తిన్నది అప్పుడే!

నిన్న ఉమ్మిన నోళ్ళే ఇవాళ మేనేజరు మొహం మీద తేనె పూస్తున్నాయి. మేనేజరు డాక్టరు చెప్పిన ముక్కలన్నీ మళ్ళీ వల్లిస్తున్నాడు. వాళ్ళు మూతులు తుడుచుకుంటూ తలలూపుతున్నారు. మాస్టరు గరిటె పట్టుకుని తల దించుకున్నాడు. తన చోటు దక్కితే చాలు.

వారమంతా అలాగే గడిచింది. వారం చివర మేనేజరు వంటగదిలోకి వచ్చి, అందరూ చూస్తుండగా మాస్టరు భుజం మీద చెయ్యి వేశాడు.

“శభాష్ మాస్టరూ! ఒక్క చెంచాడు మిగిలితే ఒట్టు. పచ్చివి ఎవరు తింటారని నాకూ లోపల బెంగగానే ఉండేది. నీ చేత్తో రుజువు చేశావు.”

“అంతా మీ దయ సార్,” అన్నాడు మాస్టరు. వారంలో మొదటిసారి ఊపిరి తిన్నగా ఆడింది.

“దయేముంది, పని చూసి చెప్తున్నా. పొయ్యి ఇవాళే తీయించేస్తున్నాను. ఓట్స్ నానబెట్టి పాలు పోయడానికి పిన్ని చాలు, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు.”