నేల దంచిన రోజు

పోయినేడు కంపెనీ జీపులో వచ్చిన రామమూర్తి, ఈసారి బస్సు దిగి ఊళ్లోకి నడిచి వచ్చాడు.

ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆ ఊరందరికీ ఒక్కటే మంచినీళ్ల బావి. దాని పక్కనే కంపెనీ రొయ్యల చెరువులు తవ్వించింది. రేపో మాపో వాటిలోకి సముద్రపు నీరు ఎక్కిస్తారు.

రామమూర్తి బావి పక్కన ఇసుకలో మేకులు దిగ్గొట్టి, తీగలు పరిచి యంత్రానికి తగిలించి, ఇనుప పలక మీద సమ్మెటతో కొట్టాడు.

కూర్మమ్మ బిందె దించింది.

"ఏటి బాబూ, ఇప్పుడు మా బావి కూడా కావాలా మీ కంపెనీకి?"

"కాదమ్మా. దెబ్బ ఇసుకలో ఒకలా పోతుంది, బంకమట్టిలో ఒకలా పోతుంది. దాన్నిబట్టి అడుగున ఏముందో తెలుస్తుంది. కాసేపు ఎవరూ నడవకండి, అడుగుల అదురుకే ముల్లు ఊగిపోతుంది."

కూర్మమ్మకి ఆ మాట చాలు.

"రోకళ్లు అట్టుకురండే," అని కేకేసింది.

ఆడవాళ్లంతా బావి చుట్టూ చేరి నేల దంచారు. ఒకరు అలిసిపోతే ఇంకొకరు రోకలి అందుకున్నారు. నవ్వులే నవ్వులు.

"నేను చెప్పేది వినండమ్మా," అన్నాడు రామమూర్తి.

"పోయినేడు మీ కంపెనీ మాటలు ఇన్నాం గదా. ఎల్లు బాబూ."

పొద్దు వాలేదాకా కాచుకుని, తీగలు చుట్టుకుని వెళ్లిపోయాడు. పాపం, గుక్కెడు నీళ్లు ఇచ్చినవాళ్లు లేరు.

చెరువులు నిండాయి. ఎండాకాలానికి బావి ఉప్పుకశం అయిపోయింది. చంటిపిల్లలు నీళ్లు నోట్లో పోస్తే ఉమ్మేస్తున్నారు.

కూర్మమ్మ, ఊరిపెద్ద దాలయ్య ఛత్రపురం వెళ్లి, చెరువులకి అనుమతిచ్చే ఆఫీసరు ముందు నిలబడ్డారు.

"చెరువుల అడుగున బంకమట్టి ఉంది, నీరు ఇంకదని కంపెనీ రాసిచ్చింది," అన్నాడాయన. "కాదనడానికి మీ దగ్గర రుజువేముంది?"

"మాకెక్కడిది బాబూ రుజువు?" అన్నాడు దాలయ్య.

"రామమూర్తి గారు తెస్తానన్నారు. అది చేతికొస్తే చెరువులు నింపకముందే ఆపేవాళ్లం. యంత్రం పాడైందని ఉత్తచేతులతో వచ్చారు."

దాలయ్య కూర్మమ్మ వైపు చూశాడు.

"యంత్రం బాగానే ఉంది బాబూ," అంది కూర్మమ్మ. "మేమే కొలవనీలేదు. కంపెనీ మనిసి మా తరపున వొత్తాడని ఎలా అనుకుంటాం?"

"కంపెనీ మనిషా? అక్కడ బంకమట్టి ఉందని సంతకం పెట్టనన్నందుకే వాళ్లు ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారమ్మా," అన్నాడు ఆఫీసరు.