దిగే దారి

“నేను సంతకం పెట్టనండి. ఆయన కూడా పెట్టరు,” అంది రెబెకా, కంప్యూటర్‌లో కనిపిస్తున్న జగ్గారావుతో.

పక్క కుర్చీలో ఉన్న జాషువా అవునన్నట్టు తల ఊపాడు. మొగుడూ పెళ్ళాలిద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే పని. విమానం ఫలానా ఊళ్ళో దిగాలంటే ఎటునుంచి రావాలి, ఎక్కడ ఎంత ఎత్తులో ఉండాలి, దిగడం కుదరకపోతే ఎటు తప్పుకోవాలి అన్నదంతా ముందే గీసి ఇవ్వాలి. కొండన్న మాటే లేని అమలాపురంలో, మేడ మీద గదిలో కూర్చుని, వాళ్ళు ఎక్కడెక్కడి కొండల మధ్యకో దారులు గీస్తుంటారు. ఇప్పుడు గీయమన్న చోట నాలుగు వైపులా కొండలే. రన్‌వే గిన్నె అడుగున పడ్డట్టుంటుంది.

“అభ్యంతరం ఏవిటమ్మా?” అన్నాడు జగ్గారావు. పై అధికారి అయినా ఆయన నోట ఏనాడూ గట్టి మాట రాదు. అదే రెబెకాకి భయం.

“ఆఖరి కొండ ఎత్తు మీరిచ్చిన మ్యాపులో నేల వరకే ఉందండి. దాని మీద ఇంతింత చెట్లున్నాయి. కొబ్బరితోటల్లో పుట్టినవాళ్ళం, చెట్లొదిలేసి ఎత్తు లెక్క ఎలా వేస్తామండి? అవి కలిపితే మీరడిగిన దారిలో విమానానికీ చెట్లకీ మధ్య ఏమీ మిగల్దు.”

“పోనీ, కాస్త పైనుంచి రమ్మంటే?”

“రన్‌వే దాటిపోతుందండి. ఒకసారి లోయలోకొచ్చేక వెనక్కి తిరగడానికి చోటు లేదు.”

“ఇవాళ అక్కడ ఎండ ఫెళ్ళున కాస్తోందమ్మా. పైలట్లకి కళ్ళుంటాయి కదా!”

“మబ్బు పట్టిన రోజు కోసమే కదండీ మాకు జీతాలిచ్చేది?” అన్నాడు జాషువా. “రేపు అక్కడ మబ్బే. చూసేను.”

జగ్గారావు నవ్వాడు. “సరేనండి, మీ ఇష్టం. ఎవరో ఒకరు పెట్టాలి మరి. రేపే మొదటి విమానం.” తెర చీకటైపోయింది.

కంపెనీలో ఒక రూలుంది. ప్రయాణికుల్ని ఎక్కించే ముందు, కొత్త దారిలో ఖాళీ విమానాన్ని ఒకసారి దింపి చూస్తారు. ఆ దారికి సంతకం పెట్టినవాళ్ళు అందులో కూర్చోవాలి. పెట్టాక వెనక్కి తీసుకోవడాల్లేవు. సొంత ప్రాణమైతే లెక్క ఒళ్ళు దగ్గర పెట్టుకుని వేస్తారని, ఏ పెద్దమనిషో పెట్టిన రూలది. రూలు మంచిదే. ఇప్పుడది జగ్గారావు చేతిలో ఉంది.

“ఏవండీ, ఏమైనా సరే మీరు పెట్టకండి,” అంది రెబెకా.

“ఆయ్, పెట్టను. నువ్వూ పెట్టకు,” అంటూ జాషువా కారు తాళాలు తీసుకున్నాడు. పాప రూతు రాజోలులో అమ్మమ్మ దగ్గరుంది. తీసుకురావాలి.

అతను వెళ్ళిన కాసేపటికి జగ్గారావు ఫోన్ చేశాడు.

“మీ ఆయన ఒప్పుకున్నారమ్మా. ఇంటికి రాగానే సంతకం పెడతానన్నారు.”

“అబద్ధం! ఆయన పెట్టరండి.”

“‘మీరు పెట్టకపోతే రెబెకా గారి చేత పెట్టిస్తాను’ అన్నాను ఆయనతో. అంతేనండి, ఇంకో మాట మాట్లాడలేదు.”

ఈ మాట మాత్రం అబద్ధంలా లేదు. జాషువా సంగతి ఆమెకి తెలీనిదా! ఆమెకి ముల్లు గుచ్చుకుంటుందంటే తన కాలు అడ్డం పెట్టే రకం. వెంటనే అతనికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

ఒక్క సంతకం పడితే చాలు, రెండోదానితో పని లేదు. అతను ఇల్లు చేరేలోగా అది పడిపోవాలి. ప్రభువా, పాపకి తండ్రిని మిగుల్చు, అనుకుంది. సంతకం పెట్టేసి, కంప్యూటర్ మూసి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

జాషువా వచ్చాడు. భుజం మీద రూతు నిద్రపోతోంది. మేడ మీదకి వెళ్తాడేమోనని రెబెకా కనిపెట్టుకునే ఉంది. వెళ్ళలేదు. పాపని పడుకోబెట్టి, నేరుగా వంటింట్లోకి వచ్చి పీట వాల్చుకు కూర్చున్నాడు.

“బొమ్మిడాయిల పులుసా! ఇంకో గరిట వెయ్యి,” అన్నాడు. ఎన్నడూ లేంది, తినకుండా కంచంలో అన్నం కెలుకుతున్నాడు.

“ఫోన్ ఎత్తలేదేవండీ?”

“డ్రైవింగ్‌లో ఉన్నాను కదా. రెబెకా, పాపకి చీకటంటే భయం. దీపం ఆర్పకు, ఏం?” అన్నాడు.

ఆ మాట తనే అతనితో అనాలనుకుంది. అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. రేపు ఈపాటికి తను ఆ లోయలో ఉంటుంది. ఈ మనిషి ఇక్కడ, పాప పక్కన, క్షేమంగా ఉంటాడు. ఆ ఒక్క ఊహే ఆమెని నిలబెట్టింది. భయం తగ్గలేదు గానీ, ఓడిపోలేదన్న ధైర్యం వచ్చింది.

ఫోన్ మోగింది. జగ్గారావే. జాషువా వినకూడదని గబగబా పెరట్లోకి నడిచింది.

“చెప్పండి. నా సంతకం అందింది కదా? ఆయన్ని ఇంక వదిలెయ్యండి,” అంది గొంతు తగ్గించి.

“అందిందమ్మా, ఇద్దరివీ అందేయి,” అన్నాడు జగ్గారావు, వెన్నలాంటి గొంతుతో. “మీరు ఒప్పుకున్నారని చెప్పగానే జాషువా గారు దారిలోనే కారాపి ఫోన్లోనే సంతకం పెట్టేసేరండి. రేపు ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు వేయించేను.”