పన్నెండు వోల్టులు

"అడాప్టరేదీ?" ఆమె అలమరలోని బట్టలన్నీ మంచం మీద గుమ్మరించింది.

పాప ఊపిరి ముందుగది దాకా ఈలలా వినిపిస్తోంది. ముఖానికి మాస్కు పెట్టారు, నెబ్యులైజర్‌లో మందు పోశారు. దానికి కరెంటు అందించే అడాప్టరే కనబడడం లేదు. బయట కుండపోత. వీధిలో మోకాలి లోతు నీళ్ళు.

"మిగతావాటిలో కలిసిపోకుండా దానిమీద ఎర్ర గోళ్ళరంగు చుక్క కూడా పెట్టాను. అత్తయ్యా, మొన్న అలమర సర్దింది మీరేగా?"

"నామీద పడతావేంటే? దాని జోలికెళ్తే ఒట్టు!" పాప వీపు రాస్తూనే కసిరింది అత్తగారు.

భర్త మాత్రం వెతకడం లేదు. భోజనాల బల్లను నెల్లాళ్ళుగా ఆక్రమించి, అందరిచేతా ఒళ్ళో కంచాలు పెట్టించి, తను సొంతంగా కడుతున్న పవర్ సప్లై ముందు తలొంచుకుని కూర్చున్నాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. "పిల్ల అల్లాడుతుంటే ఆ డబ్బాతో ఆటలేంటండీ?"

"మిషను ఇలా పట్రా. దీన్నుంచి ఎన్ని వోల్టులు కావాలంటే అన్ని తియ్యొచ్చు."

"పిల్లమీద ప్రయోగమా?"

"పిల్లమీద కాదు, మిషను మీద. కరెంటు హద్దు దాటితే దానంతటదే ఆగిపోయేలా కట్టాను."

"ఎప్పుడైనా ఆగిందా?"

"ఇంతవరకూ దేనికీ తగిలించలేదు."

సొరుగులోంచి పిన్నున్న తీగముక్క తీసి, ఒక కొసను డబ్బాకు బిగించాడు. పిన్ను మిషను రంధ్రంలో అచ్చు గుద్దినట్టు సరిపోయింది. డబ్బామీది నాబ్ తిప్పుతుంటే దాని తెరమీద అంకెలు పైకెక్కాయి. ఏడు, తొమ్మిది, పదకొండు... మిషనుకు కావలసిన పన్నెండు దగ్గర వణికి నిలిచాయి. అతని నుదుటి చెమట బల్లమీద రాలింది.

స్విచ్చి నొక్కాడు.

మిషను గుర్రుమంది. మాస్కులో తెల్లటి ఆవిరి కమ్ముకుంది. కాసేపటికి ఈల సన్నగిల్లింది. మందు అయిపోయేసరికి పాప నాయనమ్మ భుజం మీద నిద్రపోయింది.

ఆమె కళ్ళొత్తుకుంది. "తొందరపడి అన్నాను అత్తయ్యా." తర్వాత భర్తవైపు తిరిగింది. "మిమ్మల్నీ ఎన్నెన్ని మాటలన్నానో! ఏదీ, లోపలేం పెట్టారో చూడనివ్వండి."

"వద్దొద్దు! షాక్ కొడుతుంది!" అతను రెండు చేతులూ డబ్బామీద అడ్డంపెట్టాడు.

ఆమె నవ్వుతూ గోడకున్న ప్లగ్గు పీకేసింది. "ఇప్పుడు కొట్టదుగా." అతని చేతులు పక్కకు తోసి మూతెత్తింది.

లోపల, రంగురంగుల తీగల మధ్య, నల్లటి అడాప్టర్ మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క.