బరువుతో దిగడం

“చెయ్యి ఇవ్వద్దక్కా,” అంది ఆ పిల్ల, చెక్క మెట్ల మీంచి జారి కిందపడి.

ఫిజియోథెరపిస్టు చాచిన చేతిని వెనక్కి తీసుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఎడమకాలు మోకాలి కింద నుంచి లేదు. కొత్తగా తొడిగిన కృత్రిమ కాలు ఒరుసుకుని చర్మం ఎర్రగా కందిపోయింది. పిల్ల పక్కనున్న కమ్మీ పట్టుకుని లేచింది, మోచేతికంటిన దుమ్ము గౌనుకి తుడుచుకుంది, మళ్ళీ మెట్లెక్కడం మొదలుపెట్టింది.

గోడవారన తువ్వాళ్ళు మడతపెడుతున్న ఆయా తల అడ్డంగా ఊపింది. “మొండిఘటం. ఏడవనైనా ఏడవదు.”

ఆ పునరావాస కేంద్రంలో పిల్లలు గుక్కపట్టి ఏడుస్తారు, తల్లుల మెడలు పట్టుకుని వేలాడతారు. వాళ్ళని బుజ్జగించి, బతిమాలి నడిపించడమే ఫిజియోథెరపిస్టు ఉద్యోగం. ఏళ్ళ తరబడి ఆ ఏడుపులు వినీ వినీ ఆమె మనసు కాస్త బండబారింది. అలాంటిది ఈ పిల్ల పడి లేచిన ప్రతిసారీ మాత్రం చేస్తున్న పని ఆపి చూసేది.

పిల్లకి తల్లి లేదు. రెండో కాన్పులో పోయింది. అన్నీ తండ్రే. కాలు పోయింది కూడా ఇంటి మెట్ల మీదే. మూడో అంతస్తు నుంచి దొర్లిపడితే ఎముక నుజ్జయింది, చీము పట్టింది, చివరికి తీసెయ్యక తప్పలేదు. “రెప్పపాటులో జరిగిపోయింది మేడం,” అని తండ్రి కళ్ళొత్తుకుంటుంటే, ఎవరికీ ఓ పట్టాన కరగని ఆయా కూడా కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఎండైనా వానైనా రెండు వీధుల అవతలి ఇంటి నుంచి అతను పిల్లని ఎత్తుకునే తెచ్చేవాడు, ఎత్తుకునే తీసుకెళ్ళేవాడు.

ఒకరోజు ఫిజియోథెరపిస్టు చనువుగా అంది. “ఇంటి దగ్గర కూడా మెట్లు దాన్నే దిగనివ్వండి. మీరిలా ఎత్తుకుంటే అలవాటవదు.”

“నా చేతులాడినంత కాలం దానికా కష్టం ఎందుకు మేడం? మళ్ళీ పడితే నేను తట్టుకోలేను.” అతను కూతురి తల నిమిరాడు. పిల్ల కదలకుండా నిలబడింది. “దీనికి తోడు చిన్నదొకత్తి. నడక వచ్చీ రాకముందే అక్కలాగే ఒకటే దూకుడు. నిన్న మెట్ల దగ్గర పడి చెయ్యి బెణికించుకుంది.”

“ఒంటిచేత్తో ఇద్దర్నీ ఎలా నెట్టుకొస్తున్నారో,” అంది ఆమె. నిజంగానే అంది.

మర్నాడు పిల్ల వస్తూనే అడిగింది. “బరువుతో దిగడం నేర్పుతావా అక్కా?”

“ఎంత బరువు?”

“చాలా. వీపు మీద.”

“బడిసంచి గురించా? అంత తొందరేం తల్లీ? ముందు వట్టి చేతులతో దిగడం రానీ.”

“తొందరే,” అంది పిల్ల.

పిల్ల వీపుకి ఇసక సంచి కట్టి మెట్లు దింపడం మొదలుపెట్టింది ఆమె. పిల్ల ముందుకి తూలింది, వెనక్కి పడింది, ఒకసారి పెదవి చిట్లి నెత్తురొచ్చింది. ఇవాళ్టికి చాలంటే వినేది కాదు. కమ్మీ పట్టుకుని దిగడం వచ్చాక కమ్మీ లేకుండా దిగుతానంది. అదీ వచ్చాక ఇంకో కోరిక కోరింది.

“చప్పుడు కాకుండా దిగాలక్కా. ఈ కాలు టకటకమంటోంది.”

“బళ్ళో నవ్వుతారనా?”

పిల్ల ఆ కాలు ముందుకి చాపింది. ఆమె తన చేత్తోనే పాత చెప్పు రబ్బరు కోసి కృత్రిమ కాలి కింద అంటించింది.

ఆ సాయంత్రం ఇంట్లో కూర తరుగుతూ పిల్ల సంగతంతా భర్తకి చెప్పింది. “అదే నాకు నేర్పుతోందండీ,” అంది.

“ఏం నేర్చుకున్నావేంటి?”

“ఏడవకుండా ఉండడం,” అని కత్తిపీట పక్కన పెట్టి ఏడ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఒక పొద్దున ఆమె కేంద్రం తాళం తియ్యబోతే గడప పక్కన పిల్ల కూర్చుని ఉంది. కృత్రిమ కాలి లోపల తొడిగిన మేజోడు నెత్తురుతో తడిసింది. వీపున దుప్పటితో కట్టుకున్న మూటలో, చేతికి గుడ్డ చుట్టి ఉన్న చంటిది నిద్రపోతోంది.

“నాన్న ఏడీ?”

“పడుకున్నాడు.”

“మూడంతస్తులూ నువ్వే దిగావా? దీన్ని మోసుకుని?”

పిల్ల తలూపింది. ఆమెకి కళ్ళు మసకబారాయి. అక్కాచెల్లెళ్ళిద్దర్నీ కలిపి గుండెకి హత్తుకుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత గుండెధైర్యం చూడలేదనుకుంది.

“ఇక్కడే ఉండచ్చా అక్కా?” అంది పిల్ల, ఆమె భుజంలో మొహం దాచుకుని.

“ఎంతసేపైనా ఉండు బంగారం.”

లోపల కూర్చోబెట్టి, పుండు కడిగి కట్టు కట్టింది. అప్పుడే వచ్చిన ఆయా పాలు కాచి ఇచ్చింది. ఆమెకి ఉన్నట్టుండి ఆ తండ్రి గుర్తొచ్చాడు. నిద్రలేచి చూస్తే ఇద్దరు పిల్లలూ ఉండరు. ఆ మనిషి ఏమైపోతాడు? వరండాలోకి వెళ్ళి ఫోన్ చేసింది.

“కంగారుపడకండి, ఇద్దరూ నా దగ్గరే ఉన్నారు. మీ పెద్దమ్మాయి ఎంత పని చేసిందో తెలుసా? చెల్లెల్ని మోసుకుని మెట్లన్నీ తనే దిగొచ్చేసింది.”

అవతల మంచం కిర్రుమంది.

“వాళ్ళని వదలకండి మేడం. వస్తున్నా,” అన్నాడతను మెల్లగా.

ఆమె నవ్వుతూ లోపలికి వచ్చింది. “నాన్నకి చెప్పేశాలే. వచ్చేస్తున్నాడు. కోప్పడకుండా నేను చూసుకుంటాగా.”

పిల్ల పాలగ్లాసు కింద పెట్టేసింది. చెల్లెల్ని ఒళ్ళోకి లాక్కుంది. ఎంత పడినా తడవని ఆ కళ్ళు నిండిపోయాయి.

“మేం పడలేదక్కా, నాన్న తోశాడు.”