బందూకు అర్జీ

"ఐలేశం ఉండేది గిక్కడేనా, బిడ్డా?"

గొర్రెల దొడ్డి ముందు ఆగిన ముసలాయన అడిగాడు. ఖాకీ లాగు, అరిగిన బూట్లు, చంకలో కాగితాల సంచి.

ఐలేశం తల రుమాలును ఎడమ చెవి మీదికి లాక్కున్నాడు. చిన్నప్పుడు కుక్క కరిచి ఆ చెవి కొన తెగింది. పాత కేసు కాగితంలో రాసుకున్న ఆనవాలు అదే.

"గిక్కడే. ఆయన లేడు. కల్వకుర్తికి పోయిండు."

"మరి నువ్వు?"

"తమ్మున్ని."

పొయ్యి దగ్గర రామమ్మ చేయి ఆగిపోయింది. ఆమె మొగుడికి తమ్ముళ్లు లేరు.

ముసలాయన అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. పాప ఉయ్యాల కింద ఇంకా చెరగని చిరుత అడుగులు చూశాడు. ముళ్లకంప ఈడ్చుకొచ్చి దొడ్డి సందుకు అడ్డం పెట్టాడు. రామమ్మ ఇచ్చిన చల్ల తాగి, రేపు సాయంత్రం బస్సు దాకా కచేరి దగ్గరే ఉంటానని, అన్నను పంపమని చెప్పి, ఎండలో కుంటుకుంటూ వెళ్లాడు.

"పోయి కనపడితే ఏంబోతది?" అంది రామమ్మ.

"ఆ లాగు సూడలేదా? పోలీసోడే. పాత ముచ్చట తవ్వనీకి వచ్చిండు."

నిజాం కాలంలో, ఐలేశానికి పన్నెండేళ్లప్పుడు, దారిన పోయే ఒకడు అతని నెత్తిన మూట పెట్టి సంత దాకా మోయమన్నాడు. మూటలో గంజాయి ఉంది. వాడు పారిపోయాడు. ఐలేశం చేతులకు తాడు పడింది.

ఇరవై ఏళ్ల తర్వాత ఇప్పుడు, బందూకు లైసెన్సు అడిగితే ఆ కేసు మళ్లీ పైకి తేలింది.

ఈ యేడు చిరుత తొమ్మిది గొర్రెలను ఎత్తుకుపోయింది. పోయిన వారం పాప ఉయ్యాల దాకా వచ్చింది.

ఐలేశం మర్నాడు దొడ్డి దాటలేదు. మూడో రోజు కచేరికి పోయాడు.

అర్జీ నామంజూరైందని గుమాస్తా చదివి చెప్పాడు.

"దొర గడిల నాలుగు బందూకులున్నయి సారూ," అన్నాడు ఐలేశం. "ఓటు ఆయనకొకటే, నాకొకటే. గీడనే తేడానా?"

"ఆయన మీద కేసు లేదు. పన్నెండేండ్ల పోరడైనా కేసు కేసే. దాన్ని తీసెయ్యనీకే ఆ ముసలాయన్ను పిలిపించినం. అసలు దొంగ తర్వాత దొరికిండట. నీకేం తెలవదని రాసిచ్చేటోడు. నిన్ను సూసి పోల్చుకుంటే చాలు."

"సూడలేదా?"

"మొఖం గదే అన్నడు. కని దొడ్డి కాడున్నోడు తమ్మున్నని చెప్పిండట, చెవి కనపడలేదట. నిన్న సాయంత్రం దాకా గా బల్ల మీద కూసొని సూసిండు."

ఐలేశం చేయి దానంతటదే రుమాలు మీదికి పోయింది.

"ఆయనెవరు సారూ?"

గుమాస్తా పాత కాగితం అడుగున సంతకం మీద వేలు పెట్టాడు.

"నీ చేతులకు తాడు కట్టిన పోలీసు జమేదారు, ‘తెలుసుకోకుండ ఆ పోరని మీద ఒకపారి రాసిన, మల్ల తెలుసుకోకుండ రాయను’ అని బస్సెక్కిండు."