నచ్చిన పిల్లి

టీచరమ్మ తోకలేని పిల్లికూనని చంకనెత్తుకుని, దాన్ని తనకి అమ్మినాయన ఇంట్లోకి నేరుగా వచ్చేసింది.

"దీనికి మలమూత్రాలు వస్తున్నట్టే తెలియదట. తోకతో పాటు వెన్ను చివర నరాలు కూడా ఎదగలేదన్నారు డాక్టరు. ఎంత కడిగినా తొడలు ఒరుసుకుపోయి పుండ్లు పడుతున్నాయి. ఇలా అవుతుందని మీకు తెలుసా?"

"ఒక్కోదానికి అవుతుందమ్మా. జనం తోక లేనివే ముద్దంటారు, నేనేం చెయ్యను?"

"తెలిసే పుట్టిస్తున్నారన్నమాట."

ఆయన మాట దాటేశాడు. "పోనీ, దీన్ని ఇక్కడ వదిలెయ్యండి. ఒక్క సూదితో హాయిగా పోతుంది. బదులుగా ఈ గదిలో మీకు నచ్చిన పిల్లిని పట్టుకెళ్ళండి."

చావు కబురు అంత చల్లగా చెప్పేసరికి ఆమె ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు.

"ఏదైనా సరేనా?"

"మీ ఇష్టం."

ఆమె వంగి, మూల బుట్టలో పడుకున్న తల్లిపిల్లిని రెండో చేత్తో ఎత్తుకుంది. దానికీ తోక లేదు.

ఆయన ముఖం పాలిపోయింది. "అది కాదమ్మా, నా వ్యాపారమంతా దానిమీదే."

"అందుకే వచ్చాను. ఆపరేషన్‌కి డాక్టరు ఒప్పుకున్నారు. ఇక దీనికి పిల్లలు పుట్టవు."

రెండిటినీ ఎత్తుకుని మెట్లు దిగిపోయింది.