కార్డు మీద పేరు

"ఈ కార్డు మీదేనా?"

"నాదేనండీ. నా పేరే ఉంది, చూడండి."

"పేరుంది సరే. ఆ పేరు గల మనిషి మీరేనా అని అడుగుతున్నా."

బోదిల్ అడిగే తీరే అంత. మా జట్‌లాండ్‌లోని ఒక చిన్న విమానాశ్రయంలో టికెట్ల కౌంటర్ ఆమెది. ఎవరైనా బ్యాంకు కార్డు చాపితే చాలు, దొంగసొత్తు చూసినట్టు చూస్తుంది. ఆమె ముందు నిలబడటం కంటే బయట వానలో నిలబడటం నయమని ఊరంతా అనుకుంటుంది.

ఆ రోజు ఆమెకు చిక్కింది స్టైనున్ అనే ఐస్‌లాండ్ మనిషి. పక్కన నాలుగేళ్ల పిల్లాడు, ఒంటి మీద ఎర్ర చలికోటు. పక్క దేశంలోని బెర్గెన్‌కి రెండు టికెట్లు కావాలంది. అక్కడ ఆస్పత్రిలో తల్లి ఆఖరి ఘడియల్లో ఉందట. కళ్లు మూసేలోపు మనవణ్ణి చూపించాలట. గేటు మూసే వేళ దగ్గరపడుతోంది.

"అప్పటికప్పుడు టికెట్. తిరుగు టికెట్ అక్కర్లేదు. చేతిలో పెట్టె లేదు. పైగా కార్డు." బోదిల్ ఒక్కొక్క వేలూ మడిచింది. "లైసెన్సు ఉంటే ఇలా ఇవ్వండి."

స్టైనున్ ఇచ్చింది. ఫొటో సరిపోయింది. లైసెన్సు మీదా, కార్డు మీదా ఒకటే పేరు, స్టైనున్ కేతిల్స్‌దోత్తిర్. ఇంకెవరైనా అయితే అక్కడితో వదిలేసేవారు. ఇరుగుపొరుగైన మా దేశాల మధ్య పాస్‌పోర్టు అడగరు. పసివాళ్లనైతే ఏ కాగితమూ అడగరు. బోదిల్ పట్టుకుని వేలాడటానికి మిగిలింది ఆ కార్డొక్కటే.

"పిల్లాడి పేరు కౌరి ఎగిల్సన్ అన్నారు. మీ పేరు వేరు, వాడి పేరు వేరు. వాడి టికెట్ మీ కార్డు మీద ఎందుకు?"

"నా కొడుకు కాబట్టి! మా నాన్న కేతిల్, నేను కేతిల్ కూతుర్ని. వీడి నాన్న ఎగిల్, వీడు ఎగిల్ కొడుకు. మాకు ఇంటిపేర్లు ఉండవండీ, తండ్రి పేరే. మా ఇళ్లల్లో నలుగురుంటే నలుగురికీ నాలుగు పేర్లు!"

"ఎవరైనా అలాగే చెబుతారు."

వెనక వరుసలో గాలాల సంచీ మోస్తున్న లావాటి మనిషికి ఒళ్లు మండింది.

"ఏమ్మా బోదిల్, ఆవిడ పురిటి మంచం కూడా మోసుకొచ్చి చూపించాలా?"

వరుసంతా నవ్వింది. ఒక ముసలావిడ చేతికర్ర నేలకేసి కొట్టింది. "అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా! కన్నతల్లి చావుబతుకుల్లో ఉందని మొత్తుకుంటుంటే, ఇదేం మనిషమ్మా! దీనికి తల్లీ పిల్లా ఉంటే కదా తెలిసేది!"

ఆ మాట బోదిల్‌కి తగిలింది. చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఊరుకుందా? కౌంటర్ దాటి వచ్చి పిల్లాడి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చలికోటు కాలర్ వెనక్కి తిప్పింది. పిల్లల బడికి వెళ్లే ప్రతివాడి కోటుకీ ఉన్నట్టే, లోపల గుడ్డ పట్టీ మీద పేరూ ఫోన్ నంబరూ కుట్టి ఉన్నాయి. కౌరి ఎగిల్సన్. స్టైనున్ చెప్పిన పేరే.

"పేరు సరిపోయింది," అంది బోదిల్. "ఈ నంబరుకి ఒక్క ఫోన్ చేస్తాను."

స్టైనున్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "చెయ్యండి. వాళ్ల నాన్న నంబరది. చేపల పడవ మీద నడిసముద్రంలో ఉన్నాడు. ఆయన ఎత్తేదాకా కూర్చుందాం. ఈలోపు మా అమ్మ పోతుంది. మీకు చల్లగా ఉంటుంది."

బోదిల్ ఫోన్ అందుకుంది. రెండంకెలు నొక్కింది.

"పెట్టెయ్ అది!"

మేనేజర్ ఆస్గర్. ఈ గోల విని లోపల్నుంచి వచ్చాడు. ఫోన్ ఆమె చేతిలోంచి లాక్కున్నాడు.

"పేర్లు కలవలేదని ఆపాలంటే ఐస్‌లాండ్ మొత్తాన్ని ఆపాలి. ఆ మాత్రం తెలీదా నీకు? టికెట్లు ఇచ్చెయ్."

"ఇస్తాను ఆస్గర్. ముందు ఈవిడ వాళ్లమ్మేనని పిల్లాణ్ణి చెప్పనివ్వు. అంతే."

"మా వాడికి మీ భాష రాదు," అంది స్టైనున్.

ఆస్గర్ నిట్టూర్చాడు. "మీరే అడగండమ్మా. ఈ మహాతల్లి పీడ వదులుతుంది."

స్టైనున్ వంగింది. పిల్లాడి బుగ్గ నిమిరి, వాళ్ల భాషలో మెత్తగా ఏదో అడిగింది. అందులో అక్కడున్నవాళ్లకి తెలిసిన మాట ఒక్కటే, "మమ్మా".

అంతసేపూ బిక్కమొహం వేసుకున్న పిల్లాడి కళ్లు మెరిశాయి. "మమ్మా! మమ్మా!" అని గెంతుతూ ఆమె చెయ్యి పట్టుకుని గేటు వైపు లాగాడు.

వరుసలో చప్పట్లు మోగాయి. ముసలావిడ కళ్లు తుడుచుకుంది.

"కడుపు నిండిందా బోదిల్?" అని అరిచాడు గాలాలాయన.

బోదిల్ తిరిగి కౌంటర్ వెనక్కి వెళ్లింది. కార్డు గీసి, టికెట్లు తీసి ఇచ్చింది. క్షమాపణ చెప్పమన్నాడు ఆస్గర్. చెప్పింది. రేపట్నుంచి సామాన్ల విభాగానికి పొమ్మన్నాడు. పెట్టెలైతే ఏడవవన్నాడు. దానికీ తలూపింది.

తల్లీకొడుకులకి దారిమ్మని అందరూ పక్కకి జరిగారు. ముసలావిడ పిల్లాడి జేబులో చాక్లెట్ పెట్టింది. వాడు ముందు, స్టైనున్ వెనక, ఇద్దరూ పరుగున గాజు తలుపు దాటారు. తలుపు మూసుకుంది.

స్టైనున్ వాడిని అడిగిన మాట ఇది: "మీ మమ్మా అప్పుడే విమానం ఎక్కేసింది, మనమూ వెళ్దామా?"